చైను గైడ్లు మార్చిన పిమ్మట

టైమింగ్ చైను గైడ్లు అరిగి, ఇంజను ముందుభాగమున గలగలమను ధ్వని బయలుదేరగా, బండిని షెడ్డునకు తెచ్చి, పాత గైడ్లను తీయించి క్రొత్తవి వేయించి, ధ్వని పోయినదని సంతసించి ఇల్లు చేరిన యజమాని, మఱునాటి యుదయమున సెల్ఫ్ కొట్టినపుడు ఇంజను మునుపటికంటె ఆలస్యముగా అందుకొనుటయు, ఎత్తు ఎక్కునపుడు పికప్ లేకపోవుటయు, మీటర్ల పలకపై ఇంజను దీపము వెలిగి ఆఱకుండుటయు గమనించెనేని, అతని అనుమానము మొట్టమొదట ఆ క్రొత్త గైడ్ల మీదికే పోవును. సరుకు నకిలీదని ఒకరును, మందము చాలలేదని ఒకరును, కంపెనీవి వేయించియుండిన ఈ బాధ ఉండెడిది కాదని మఱియొకరును చెప్పుదురు. నకిలీ సరుకు అంగళ్లలో లేకపోలేదు. అది త్వరగా అరుగును, విఱుగును, హాని చేయును. కాని గైడు మందములోని భేదము మాత్రముచే ఇంజను టైమింగ్ ఇంతగా తప్పుట జరుగని పని యని లెక్క కట్టి చూపవచ్చును. టైమింగ్ తప్పునది గైడును మార్చుటకై చైనును వదలు చేసిన ఆ కొద్దిసేపటిలోనే. ఈ భేదము తెలియక పోవుటవలన మంచి గైడ్లు రెండవమాఱు కొనబడుచున్నవి, బాగుగానున్న సెన్సర్లు మార్చబడుచున్నవి, తుదకు సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టి నిక్షేపమువంటి వాల్వులు వంగిపోవుచున్నవి.

వేములవాడ రాజరాజేశ్వరస్వామి దర్శనమునకు సోమవారములందును, మహాశివరాత్రికిని బారులు తీరి వచ్చు కార్లలోను, కోరుట్ల, జగిత్యాల ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోవువారిని రాత్రికి రాత్రి శంషాబాదు విమానాశ్రయమునకు చేర్చు టాక్సీలలోను చిరకాలము మిక్కిలిగా కానవచ్చినది 1248 ఘనసెంటీమీటర్ల పరిమాణము గల ఒక చిన్న డీజిల్ ఇంజను. ఇటలీ దేశపు ఫియట్ సంస్థ 2003లో వెలువరించిన ఈ యంత్రమును మారుతీవారు 2007లో స్విఫ్టునందును, 2008లో డిజైరునందును ప్రవేశపెట్టిరి. టాటావారి ఇండికా విస్టాలోనికిని ఇది 2008లోనే వచ్చెను. 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి భారత్ స్టేజ్ 6 నిబంధనలు అమలు కాగా మారుతీవారు దీనిని విడిచిరి. తయారీ నిలిచినను తిరుగుట నిలువలేదు. లక్షల కిలోమీటర్లు నడచి, చేతులు మాఱి, ఈ బండ్లు నేటికిని మన ప్రాంతపు షెడ్లకు గైడ్ల మరమ్మతునకై వచ్చుచునే యున్నవి.

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 బండిలో టైమింగ్ చైను చేయు పనిని రబ్బరు బెల్టు చేసెడిది. దానిని గడువులోపల మార్చవలయునని డ్రైవర్లందఱు ఎఱుగుదురు. చైను ఇంజన్లు వచ్చిన పిదప, చైనునకు గడువు లేదు, బండి ఉన్నంతకాలము అదియు ఉండునని ఒక మాట వ్యాపించెను. ఆ మాట ఇంజను ఆయిలును వేళకు మార్చి, దాని మట్టమును చూచుకొను బండికే చెల్లును. దర్శనపు క్యూలో గంటలకొలది ఇంజను ఆపకుండ నిలిచి, ఆయిలు నల్లబడి పలుచబడినను పట్టించుకొనువారు లేని బండికి అది ఎంతమాత్రము చెల్లదు.

ఇంజను టైమింగ్ అన నేమి? 1876లో జర్మనీయందు నికొలాస్ ఒట్టో నడపి చూపిన నాలుగు దశల యంత్రమున పిస్టను ఒకమాఱు గాలిని పీల్చుటకును, ఒకమాఱు దానిని నొక్కుటకును, ఒకమాఱు మండిన వాయువుచే త్రోయబడుటకును, ఒకమాఱు పొగను వెడలగొట్టుటకును క్రిందికి మీదికి కదలును. ఈ నాలుగు కదలికలకు క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగును. ఆ రెండు చుట్లలో ఒక్కొక్క వాల్వు ఒక్కమాఱే తెఱచుకొనవలసియున్నది గనుక, వాల్వులను నొక్కు క్యాము షాఫ్టు ఒక్క చుట్టే తిరుగవలయును. అందులకే క్యాము పళ్లచక్రమునకు క్రాంకు పళ్లచక్రమునకంటె రెట్టింపు పండ్లు ఉండును. పిస్టను ఎచ్చటనున్నపుడు ఏ వాల్వు ఎంత తెఱచియుండవలయునను ఒప్పందమే టైమింగ్. ఆ ఒప్పందమును చెడకుండ నిలుపునది చైను.

ఈ రెంటికి ఒకటియను లెక్కను సిరిసిల్లవారికి క్రొత్తగా బోధింప నక్కరలేదు. అచ్చటి మరమగ్గమునందు, అనగా వారు సాంచె యని పిలుచు యంత్రమునందు, క్రాంకు షాఫ్టు ఒక చుట్టు తిరుగగా అచ్చు ఒకమాఱు ముందునకు వచ్చి ఒక పేకపోగును గుడ్డలోనికి దట్టించును. అయితే నాడె ఒకమాఱు ఎడమనుండి కుడికిని, మఱొకమాఱు కుడినుండి ఎడమకును పోవలయును. సాదా నేతలో పడుగున సరిపోగులు ఒకమాఱును, బేసిపోగులు ఒకమాఱును పైకి లేవవలయును. ఈ పని యంతయు రెండు పేకలకు గాని మొదటికి రాదు. కావుననే నాడెను కొట్టు ఏర్పాటును, పడుగును విడదీయు ట్యాపెట్లును గల క్రింది షాఫ్టు క్రాంకునకు సగము వేగమున తిరుగును. సాంచెలను బాగుచేయు జాబరు ఈ రెండు షాఫ్టులను కలుపు పళ్లచక్రములను విప్పి తిరిగి కూర్చునపుడు పండ్లు తప్పెనేని, పడుగు మూతపడు సమయమున నాడె బయలుదేరి, పోగుల నడుమ చిక్కి, వానిని ఒక్కపెట్టున త్రెంచు ప్రమాదము కలదు. అందుచేత అనుభవజ్ఞుడగు జాబరు మోటారు వేయక మునుపు సాంచెను చేతితో మెల్లగా త్రిప్పి, పడుగు ఎప్పుడు విచ్చుచున్నదో, నాడె ఎప్పుడు కదలుచున్నదో కన్నులార చూచుకొనును. కారు ఇంజను విషయమున ఈ జాగ్రత్త ఇంతకు పదిరెట్లు కావలయును. ఏలయన అచ్చట తెగునవి నూలుపోగులు కావు.

నేటి టైమింగ్ చైను వంశమూలము మాంచెస్టరు నగరమున కలదు. స్విట్జర్లాండునుండి వచ్చి అచ్చట స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1880లో బుష్ రోలర్ చైనునకు పేటెంటు పొందెను. ప్రతి లంకెయందును ఒక పిన్ను, దానిపై ఒక బుష్, బుష్షుపై తిరుగు రోలరు ఉండు ఆ నిర్మాణము నేటికిని చెక్కుచెదరలేదు. దాని పిన్నునకును బుష్షునకును నడుమ నుండునది నూనెపొర మాత్రమే. ఆ పొర పలుచబడిన లోహము లోహమును రాయును. చైను సాగినదని మనము వాడుకగా అందుము గాని, ఉక్కు పలకలు సాగుట లేదు. ప్రతి కీలునందును కలిగిన సూక్ష్మమైన అరుగుదల యంతయు కూడి, చైను పొడవైనట్లు అగపడును.

ఆ చైనునకు ఇరుప్రక్కల నుండునవే గైడ్లు. పాత గైడును చేతబట్టి చూచిన దాని చరిత్ర యంతయు తెలియును. జానెడు పొడవున, వ్రేలి వెడల్పున, కొంచెము వంపుగా నుండు ఆ బద్దకు వెనుక లోహపు వెన్నో, గట్టి ప్లాస్టిక్ వెన్నో ఉండును. చైను రాచుకొనిపోవు ముఖము నైలానుతో చేయబడియుండును. క్రొత్త ముఖము నున్నగా, సమముగా నుండును. పని చేసిన ముఖము మీద చైను పలకలు ఒరసికొనిపోయిన రెండు గాడులు పొడవునా సమాంతరముగా పడియుండును. గోరు పెట్టి గీచిన గాడి లోతు తెలియును. ఏండ్ల తరబడి వేడి నూనెలో నానిన నైలాను గోధుమవన్నె తిరిగి, పెళుసుబాఱి, అంచుల వద్ద పెచ్చులూడును. రెండు గైడ్లలో ఒకటి కదలకుండ బోల్టులతో బిగింపబడినది. అది క్రాంకు లాగు ప్రక్కన, అనగా చైను బిగువుగా నుండు ప్రక్కన ఉండును. రెండవది ఒక కొనయందు కీలుపై ఆడుచు, వెనుకనుండి టెన్షనరుచే నెట్టబడుచు, వదలుగా తిరిగివచ్చు ప్రక్కన ఉండును. ఈ విభజనను మనస్సున నిలుపుకొనవలయును. తక్కిన తర్కమంతయు దీనిమీదనే నడచును. క్యాము ఎప్పుడు కదలవలయునో నిర్ణయించునది బిగువు ప్రక్కనున్న చైను పొడవు మాత్రమే. వదలు ప్రక్క ఎంత వదలైనను, అది పన్ను దాటనంతవఱకు, టైమింగును మార్పజాలదు.

ఇక లెక్క. ఒక ఇంజనులో క్రాంకు చక్రమునకు 20 పండ్లు, క్యాము చక్రమునకు 40 పండ్లు, చైనునకు 8 మిల్లీమీటర్ల లంకెలు 130 ఉన్నవనుకొందము. క్రాంకు నిమిషమునకు 4000 చుట్లు తిరుగునపుడు ఆ చైను గంటకు సుమారు 38 కిలోమీటర్ల వేగమున పరుగిడుచుండును. బిగువు ప్రక్కన 45 లంకెలు ఉన్నవనియు, ప్రతి కీలును 0.03 మిల్లీమీటరు, అనగా తలవెండ్రుక మందములో సగమునకంటె తక్కువ, అరిగినదనియు భావింతము. ఆ ప్రక్క చైను 1.35 మిల్లీమీటర్లు పొడవగును. క్యాము చక్రపు చుట్టుకొలత 320 మిల్లీమీటర్లు గనుక, క్యాము ఒకటిన్నర డిగ్రీ వెనుకబడును; క్రాంకు లెక్కలో అది 3 డిగ్రీలు. ఇదే ఇంజనులో చైను ఒక్క పన్ను తప్పిన క్యాము 9 డిగ్రీలు, క్రాంకు లెక్కలో 18 డిగ్రీలు తొలగును. మఱి గైడు మాట? 360 మిల్లీమీటర్ల పొడవున చైనును 10 మిల్లీమీటర్లు వంచి పట్టిన స్థిరపు గైడు ఒకటిన్నర మిల్లీమీటరు లోతున అరిగిపోయినను, చైను దారి పొడవులో కలుగు భేదము మిల్లీమీటరులో అయిదవ వంతు. క్రాంకు లెక్కలో అది అర డిగ్రీకి మించదు.

ఈ మూడు సంఖ్యలను, అర డిగ్రీ, 3 డిగ్రీలు, 18 డిగ్రీలు, ప్రక్కప్రక్కన పెట్టి చూచిన విషయము తేటపడును. పాత గైడు అరిగినను, క్రొత్త గైడు కొంచెము మందమైనను ఇంజను దానిని పట్టించుకొనదు. అరిగిన చైనును అట్లే ఉంచి గైడ్లను మాత్రము మార్చినచో ధ్వని తగ్గును గాని ఆ 3 డిగ్రీల వెనుకబాటు పోదు. మరమ్మతునకు ముందున్న లోపము తరువాతను ఉండును. చైను, గైడ్లు, టెన్షనరు, పళ్లచక్రములు కలిపి ఒక్క సెట్టుగా మార్చుమని తెలిసిన మెకానిక్కులు చెప్పునది లాభాపేక్షచే కాదు. మరమ్మతునకు పిమ్మట కొత్తగా పుట్టిన లోపమేదైనను, అది పెద్దదైనచో, పన్ను తప్పుటను గూర్చియే ముందు విచారింపవలయును.

పన్ను తప్పు దారులు పలువిధములు. చైనును తీసిన తోడనే వాల్వుల స్ప్రింగులు క్యామును ఏదో ఒక ప్రక్కకు నెట్టును; అది కొన్ని డిగ్రీలు దొర్లి నిలుచును. దానిని నిలుపుటకే కంపెనీలు పిన్నులు తయారు చేసియున్నవి. పైన చెప్పిన 1248 ఇంజనులో చైను ఒక క్యాము షాఫ్టును త్రిప్పగా, రెండవదానిని పళ్లచక్రములు త్రిప్పును. రెండు క్యాములను పట్టుటకు రెండు పిన్నులు, క్రాంకును పట్టుటకు ఒక పిన్ను వాడుదురు. పిన్నులు లేక పెయింటు గుర్తులతో పని సాగించువారు మన ప్రాంతమున కొదువ లేరు. చేయి తిరిగినవారికి అది చెల్లుచుండును గాని, పెయింటు గుర్తు పాత చైను వెనుకబాటును కూడ తనతో తెచ్చి క్రొత్త చైనునకు అంటగట్టునని మఱవరాదు. ఇక చైను వేయునపుడు బిగువు ప్రక్కన రవ్వంత వదలు మిగిలినను, గుర్తులన్నియు ఎదురెదురుగా కుదిరినట్లే కనిపించును. టెన్షనరు పిన్ను ఊడదీసి, క్రాంకును నడుచు దిక్కున కొంచెము త్రిప్పగానే ఆ వదలు అటు ప్రక్కకు జాఱి, క్యాము గుర్తు ఒక పన్ను దూరమున తేలును. గుర్తు కుదుర్చుటకై క్రాంకును వెనుకకు త్రిప్పుట అంతకన్న చెడ్డది. బిగువు ప్రక్క వదలై, వదలు ప్రక్క బిగిసి, టెన్షనరు లోనికి నొక్కబడి, అడుగున క్రాంకు చక్రముపై చైను ఒక పన్ను దాటిపోవుట ఆ క్షణమున సులభము. గుర్తు దాటిపోయినచో వెనుకకు రాక, మఱి రెండు చుట్లు ముందునకే త్రిప్పి చేరుకొనవలయును.

టెన్షనరు హైడ్రాలిక్ పరికరము. ఇంజను ఆయిలు ఒత్తిడియే దాని బలము. లోపల గాలి తప్ప నూనె లేని క్రొత్త టెన్షనరును బిగించి వెంటనే సెల్ఫ్ కొట్టినచో, ఆయిలు చేరులోపల చైను విదిలించుకొని పన్ను దాటవచ్చును. రవాణాలో నొక్కి ఉంచుటకు పెట్టిన చిన్న పిన్నును తీయుట మఱచి కవరు మూసినచో చెప్పవలసినదే లేదు. ఇంకొక సూక్ష్మము కలదు. కొన్ని ఇంజన్లలో పళ్లచక్రమునకు కీ ఉండదు. బోల్టు బిగింపువలని ఒరిపిడియే దానిని షాఫ్టుపై నిలుపును. అట్టిచోట నూనె తుడువక, టార్క్ పానాతో కొలువక, చేతి అంచనాతో బిగించినచో బండి బయలుదేరునపుడు సరిగానుండి, రోడ్డెక్కిన పిదప చక్రము జాఱును.

రంగు లంకెలను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. దీనివలన అమాయకముగా చెడిన పనులు పెక్కు గలవు. క్రొత్త చైనుపై రెండు మూడు లంకెలకు వేఱు రంగు ఉండును. వానిని చక్రముల గుర్తులకెదురుగా పెట్టి చైనును తొడుగుదురు. పరీక్షకై క్రాంకును రెండు చుట్లు త్రిప్పగా చక్రముల గుర్తులు తమ తమ స్థానములకు తిరిగి వచ్చును గాని, రంగు లంకెలు ఎక్కడికో పోయియుండును. అది చూచి టైమింగ్ తప్పినదని బెదరి, సరియైన చైనును విప్పి తప్పుగా వేయువారు కలరు. మన లెక్కలోని 130 లంకెల చైను, 40 పండ్ల క్యాము చక్రముతో, మొదటి స్థితికి రావలెనన్న 520 లంకెలు సాగవలయును. అందుకు క్రాంకు 26 చుట్లు తిరుగవలయును. కావున లంకె రంగు తొడుగునపుడు మాత్రమే ప్రమాణము. తొడిగిన పిమ్మట చక్రముల గుర్తులును, పిన్నులును మాత్రమే ప్రమాణములు. ఇట్లే, పిస్టను మీది కొనకు చేరు టాపులో క్రాంకు ఒక చుట్టు అటుదో ఇటుదో యని కలత పడనక్కరలేదు. చైను తీసియున్నపుడు క్రాంకునకు ఏ చుట్టైనను ఒకటే. ఏ దశయో నిర్ణయించునది క్యాము. ఈ భయము అంబాసిడరు కాలపు పెట్రోలు ఇంజన్లనుండి, అనగా డిస్ట్రిబ్యూటరు అర్ధచుట్టు తప్పిన మంట తప్పు దశలో పడెడి కాలమునుండి మనకు సంక్రమించినది.

క్యాము వెనుకబడినదో ముందునకు పోయినదో ఇంజను నడకయే కొంత చెప్పును. పిస్టను అడుగునకు చేరి మరల పైకి రా నారంభించిన తరువాతనే ఇన్లెట్ వాల్వు మూతపడునట్లు ఏర్పాటు చేయబడియుండును. వేగముగా తిరుగునపుడు గాలి తన ఊపుచే ఇంకను లోనికి చొచ్చుకొని వచ్చుననుటయే దాని భావము. క్యాము వెనుకబడినచో ఆ మూత మఱింత ఆలస్యమై, నెమ్మదిగా తిరుగు సమయమున పీల్చిన గాలిలో కొంత తిరిగి వెలికి పోవును, కంప్రెషను పడిపోవును. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ లేదు. నొక్కబడిన గాలి వేడియే ఇంధనమును అంటించును. ఆ వేడి చాలకపోవుటచేత తెల్లవాఱుజామున చల్లని ఇంజను ఆలస్యముగా అందుకొని, మండని ఇంధనమును తెల్లని పొగగా విడుచును. వేడెక్కిన పిదప కొంత తేఱుకొన్నను పికప్ రాదు. క్యాము ముందునకు పోయినచో తక్కువ వేగములందు నడక బాగుగానే తోచి, ఎక్కువ వేగమున ఊపిరి సలుపనట్లుండును. ప్రమాదము రెంటియందును కలదు. వెనుకబడిన క్యాము పిస్టను టాపు చేరు వేళకు ఎగ్జాస్టు వాల్వును ఇంకను తెఱచియే ఉంచును. ముందునకు పోయిన క్యాము ఇన్లెట్ వాల్వును అప్పటికే తెఱచియుంచును. డీజిల్ ఇంజనులో పిస్టను పై తలమునకును వాల్వునకును నడుమ ఎడము మిక్కిలి స్వల్పము. తగిలినచో వాల్వు వంగును, లేదా దానిని నొక్కు రాకరు విఱుగును.

అట్లయిన దోషమును వెదకుట ఎచ్చట ఆరంభింపవలయును? సెల్ఫ్ కొట్టుట మాని, కవరు తీయుటకై విప్పిన వైర్ల కప్లర్లనుండి ఆరంభింపవలయును. క్యాము సెన్సరు, క్రాంకు సెన్సరు కప్లర్లు సరిగా కూర్చొనకపోవుటయు, గాలి గొట్టపు క్లిప్పు వదలుటయు అచ్చముగా టైమింగ్ తప్పిన లక్షణములనే చూపుట తఱచు. స్కానరు పెట్టిన తోడనే కోడును చదువవలయును గాని చెఱపరాదు. పి 0335 యన్న క్రాంకు సెన్సరు మాటయు, పి 0340 యన్న క్యాము సెన్సరు మాటయు వినబడుట లేదని ఇంజను కంప్యూటరు చెప్పుచున్నది. అది ముందుగా వైర్లలో చూడవలసిన లోపము. పి 0016 యన్న రెండు మాటలును వినబడుచున్నవి గాని ఒకదానికొకటి పొసగుట లేదని అర్థము. అది చైనును అనుమానింపవలసిన చోటు. ఆ కోడు మరమ్మతునకు ముందే ఉండెనా యని యజమానిని అడుగుట మఱవరాదు. ఉండినచో అరిగిన చైను మిగిలిపోయినదేమో, లేనిచో పన్ను తప్పినదేమో. పిమ్మట కంప్రెషను కొలువవలయును. నాలుగు సిలిండర్లలోను ఒక్క తీరున తగ్గినచో టైమింగ్. ఒక్కదానిలో మాత్రము తగ్గినచో ఆ సిలిండరు వాల్వో, రాకరో దెబ్బతిన్నది.

సిరిసిల్ల బాటలోని ఒక షెడ్డునకు కోరుట్లనుండి త్రాడు కట్టి లాగించుకొని వచ్చిన డిజైరు బండి విషయమున ఈ క్రమము ఎంత నెమ్మదిగా నడచినదో దగ్గఱనుండి చూచితిని. డ్రైవరు అలసియుండెను. “అన్నా, నిన్న గైడ్లు ఏసిన్రు. పొద్దుగాలసంది సెల్ఫ్ కొడ్తున్న, అందుకుంటలేదే,” అని అతడు తాళపుచెవి త్రిప్పబోగా, మెకానిక్కు, “ఇగ సెల్ఫ్ కొట్టకు తమ్మీ. చేత్తోని తిప్పి సూద్దాం,” అని వారించెను. అతడు హీటరు ప్లగ్గులు నాలుగింటిని విప్పి, లోని గాలి స్వేచ్ఛగా వెడలునట్లు చేసి, క్రాంకు పుల్లీ బోల్టునకు పొడవైన పానా తగిలించి, నడుచు దిక్కుననే అంగుళమంగుళముగా త్రిప్పనారంభించెను. ప్లగ్గులు ఉన్నపుడు కలుగు అడ్డగింపు గాలిది. అది మెత్తగా మొదలై, చేయి కొంచెము ఆపిన తనంతట తాను సడలును. వాల్వు పిస్టనునకు తగిలిన అడ్డగింపు అట్టిది కాదు. అది ఉన్నట్లుండి వచ్చును, సడలదు, పానా పిడిలో ఖంగుమని తెలియును. అట్టిది తోచిన అక్కడితో ఆపవలయునే కాని, బలము చూపరాదు. ఆ బండిలో తగులుడు లేదు. క్రాంకు పిన్ను తన రంధ్రమున సులభముగా దిగెను. క్యాము పిన్ను మాత్రము దిగలేదు. టార్చి వేసి చూడగా, రంధ్రము కొంత దూరము వెనుకబడియుండెను. సరిగా ఒక పన్ను. గైడ్లు చక్కని సరుకు. టెన్షనరు బాగుగా నుండెను. బిగువు ప్రక్కన వదలుతో చైను వేయబడినదనుటకు వేఱు సాక్ష్యము అక్కరలేకపోయెను.

చైనును తిరిగి కూర్చిన పిమ్మట అతడు పిన్నులు తీసి, రెండు నిండు చుట్లు చేతితో త్రిప్పి, మరల పిన్నులు పెట్టి చూచెను. అవి దిగిన తరువాత మఱి రెండు చుట్లు త్రిప్పి మరల చూచెను. అప్పుడు ప్లగ్గులు బిగించి, నాజిళ్ల కప్లర్లు ఊడదీసి, ఇంధనము పడకుండ, ఆయిలు దీపము ఆఱువఱకు కొద్దికొద్దిగా సెల్ఫ్ త్రిప్పి టెన్షనరునకు నూనె అందజేసెను. ఆ తరువాతనే కప్లర్లు పెట్టి బండిని నడపెను. తెలిసినవారు చేయు పనిలో తొందర లేకుండుట మనకు ఆలస్యముగా తోచును గాని, ఆ పూట అతడు వెచ్చించిన సమయము ఒక హెడ్డు విప్పు ఖర్చును తప్పించెను.

పాత గైడ్లను పాఱవేయక మునుపు చేయవలసిన పని ఒకటి మిగిలియున్నది. దీనిని చాలమంది విడిచిపెట్టుచున్నారు. విఱిగిన ముక్కలన్నిటిని గుడ్డపై పఱచి, ఒకదాని ప్రక్క నొకటి పేర్చి, గైడు ముఖము పూర్తిగా కూడుచున్నదో లేదో చూడవలయును. ఏ పెచ్చు కనబడకపోయినను అది ఇంజను లోపలనే ఉన్నదని నిశ్చయించుకొనవచ్చును. నైలాను ముక్కలు ఆయిలుతోపాటు ఇంజను అడుగున ఆయిలు నిలుచు చాంబరునకు జాఱి, పంపు నోటనున్న జాలి వద్దకు చేరును. ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు అవి అడుగుననే ఉండి హాని చేయవు. వేగముగా నడచునపుడు పీల్పుబలముచే లేచి జాలిని కప్పి, ఆయిలు ఒత్తిడిని తగ్గించును. ఒత్తిడి తగ్గిన టెన్షనరు సడలును; సడలిన టెన్షనరు వద్ద క్రొత్త గైడును చైను కొట్టసాగును. కావున ముక్కల లెక్క కుదరని బండికి చాంబరు విప్పి, జాలిని పెట్రోలుతో కడిగి, వెలుతురునకు పట్టి చూచి బిగింపవలయును. క్రొత్త ఆయిలుతో వెయ్యి కిలోమీటర్లు తిరిగిన తరువాత దానిని గడువునకు ముందే దింపి, ఫిల్టరును కోసి, మడతల నడుమ గోధుమవన్నె పెచ్చులు ఉన్నవా, లోహపు మెఱపు ఉన్నదా యని పరీక్షించినచో, గైడ్లు సరిగా కూర్చొన్నవో లేదో స్కానరునకంటె ముందుగా తెలియును.